తోలు ల్యాంప్ షేడ్ కిట్ల పేరుతో ప్లాస్టిక్ అంటగడుతున్నారు, జాగ్రత్త

దీపావళి కానుకల కోసం ఇంట్లోనే తయారుచేసుకునే తోలు ల్యాంప్ షేడ్ కిట్లు అమ్మే ఆ ఇన్‌స్టాగ్రామ్ పేజీ మన అనంతపురం గ్రూపులన్నింటిలో తిరుగుతోంది కాబట్టి, మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. దయచేసి అక్కడ డబ్బు కట్టకండి. అక్కచెల్లెళ్ళ ఇళ్ళకు ఈసారి నా చేత్తో చేసిన దీపాలు పంపాలని నాలుగు కిట్లకు 3,600 రూపాయలు ముందుగానే ఫోన్‌పే చేశాను. వచ్చింది మేకతోలు కాదు, పసుపు రంగు పూసిన ప్లాస్టిక్ షీటు.

తోలుబొమ్మలకు, తోలు దీపాలకు పేరున్న ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట ఊళ్ళో కళాకారులు పనిచేస్తుండగా చూసినవారికి ఆ తేడా చేతిలోకి తీసుకోగానే తెలిసిపోతుంది. వెంట్రుకలు గీకి, శుభ్రం చేసి, బిగదీసి ఎండబెట్టిన మేకతోలు అంతటా ఒకే మందంగా ఉండదు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఒకచోట పలుచగా, మరొకచోట కాస్త చిక్కగా కనిపిస్తుంది. నాకు వచ్చిన షీటు ఈ అంచు నుంచి ఆ అంచు వరకు ఒకే మందంతో ఉంది. కిట్‌లో ఇచ్చిన రంగు వేస్తే ఇంకకుండా పైనే నిలిచి, ఆరిన తర్వాత గోటితో గీరగానే పెచ్చులుగా ఊడిపోయింది. తోలైతే నీళ్ళలో నానితే మెత్తబడాలి. ఒక మూలను రాత్రంతా నానబెట్టినా అది బిరుసుగానే ఉంది. చిల్లులు కొట్టబోతే ఉలి మొన దగ్గర తెల్లగా చిట్లి చీలిపోయింది. చివరికి ఒకదాన్ని చట్రానికి కట్టి బల్బు వెలిగిస్తే, కాసేపటికే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి షీటు లోపలికి వంగింది. పిల్లలు పడుకునే గదిలో పెట్టుకోమని వాళ్ళు అమ్ముతున్న వస్తువు ఇది.

పోయిన డబ్బు కంటే ఆ తర్వాత ఫోన్‌లో విన్న మాటలే నన్ను ఎక్కువగా బాధిస్తున్నాయి. “ఆ రేటుకు అసలు తోలు ఎవరిస్తారు మేడం?” అన్నాడు అమ్మినతను. మరి పేజీలో అసలైన మేకతోలు అని రాసి, నిమ్మలకుంట దీపాల ఫోటోలు ఎందుకు పెట్టారని అడిగితే, “అంత అసలుది కావాలంటే నిమ్మలకుంట మీ పక్కనే ఉంది కదా, పోయి అక్కడే కొనుక్కోండి” అని నవ్వి ఫోన్ పెట్టేశాడు. వెంటనే నా నంబరును బ్లాక్ చేశాడు. ఏ ఊరి పేరు చెప్పి నా దగ్గర డబ్బు తీసుకున్నాడో, ఆ ఊరి పేరుతోనే నన్ను ఎత్తిపొడిచాడు.

తోలుబొమ్మలాటకు ఆదరణ తగ్గిన తర్వాత ఆ ఊరి కుటుంబాలు అదే విద్యతో ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి నిలదొక్కుకున్నాయి. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. ఈ ప్లాస్టిక్ కొని మోసపోయినవారు రేపు నిజమైన తోలు దీపాన్ని చూసినా అనుమానిస్తారు. అప్పుడు అమ్ముడుపోక నష్టపోయేది ఆ కళాకారులే గానీ, వారి ఫోటోలు ఎత్తుకొచ్చి పెట్టుకున్న ఈ మనిషి కాదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అమ్మినవారు ఎక్కడున్నా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ళకు రుసుము కూడా లేదు. ఇలాంటి కిట్ ఎక్కడ కొన్నా, రంగు వేయని తోలును వెలుతురుకు ఎదురుగా పట్టి తీసిన వీడియో పంపమని ముందే అడగండి. ఆ పేజీ నుంచి ఇప్పటికే తెప్పించుకున్నవారు మాత్రం ఆ షీటును బల్బు దగ్గర పెట్టకండి. డబ్బు కట్టిన రసీదు, పార్సిల్ మీద ఉన్న చిరునామా ఫోటో తీసి ఉంచుకుని నాకు సందేశం పంపితే, అందరం కలిసి ఫిర్యాదు చేద్దాం.