సియం రీప్‌లో పడవ ఎక్కాలంటే: చోంగ్ క్నియాసా, కంపోంగ్ ఫ్లుకా?

అంగ్‌కోర్ గుళ్లు చూడ్డానికి కంబోడియా వెళ్తే ఎవరో ఒకరు తేలే ఊరు చూపిస్తామంటారు. ఆ గుళ్ల పక్కనున్న పట్నం సియం రీప్, అక్కడి నుంచి మేం టోన్లే సాప్ సరస్సు మీదున్న రెండు ఊళ్లు చూశాం.

చోంగ్ క్నియాస్ దగ్గరే, సియం రీప్ నుంచి సుమారు 15 కిలోమీటర్లు, అందుకే ముందు అక్కడికే వెళ్లాం, వెళ్లి బాధపడ్డాం. ఇళ్లు నిజంగానే నీళ్ల మీద తేలుతుంటాయి, కానీ పడవ వాటి పక్కనుంచి గబగబా పోయి మొసళ్లను పెట్టిన ఒక దుకాణం దగ్గర ఆగింది. తర్వాత బడి పిల్లలకి బియ్యం బస్తా కొనమని, బజారు ధరకి ఎన్నో రెట్లు చెప్పి, కొనేదాకా కదల్లేదు. పిల్లల పేరు చెప్పి అలా ఒత్తిడి చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కంపోంగ్ ఫ్లుక్ దాదాపు రెట్టింపు దూరం. అది తేలే ఊరు కాదు, పొడవాటి కర్రల మీద నిలబెట్టిన ఇళ్లు. వానాకాలంలో మెకాంగ్ నది పొంగితే, సరస్సు నుంచి అందులోకి పారే టోన్లే సాప్ నది వెనక్కి పారి సరస్సు ఎన్నో రెట్లు పెరుగుతుంది, అప్పుడు ఆ ఎత్తు ఎందుకో కళ్లారా తెలుస్తుంది. మునిగిన చెట్ల మధ్య ఆ ఊరి ఆవిడ తెడ్డు వేస్తూ తీసుకెళ్తుంటే ఎంత హాయిగా ఉందో! దానికి డబ్బు వేరే, అయినా ఇవ్వండి, అది ఆమె కష్టం.

నేనైతే కంపోంగ్ ఫ్లుకే అంటాను, అదీ సెప్టెంబరు నుంచి నవంబరు లోపు. ఏప్రిల్‌లో వెళ్తే మిగిలేది బురద కాలవే.