సంయుగ్మంలో ఉన్న బాక్టీరియా చిత్రాలు: ఒక ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కేంద్రం పనితీరుపై సమీక్ష

ఒక బాక్టీరియా కణం మరొక కణానికి డీఎన్ఏను అందించే ప్రక్రియే సంయుగ్మం. ఆ సమయంలో ఇ. కోలై బాక్టీరియా దాత, గ్రహీత కణాలు ఒకదానినొకటి ఎలా పట్టుకుంటాయో చూడడానికి, రుసుము తీసుకొని పనిచేసే ఒక ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కేంద్రానికి మా నమూనాలను అప్పగించాము. జతకట్టిన కణాలను చూపడంలో ఆ కేంద్రం పనితనం మెచ్చదగినది. ఆ జత మధ్య ఏముందో చెప్పిన భాగాన్ని మాత్రం నేను అంగీకరించలేను.

గ్రహీతను అందుకోవడానికి దాత కణం చాచే సన్నని దారమే ఎఫ్ పైలస్. దాని మందం సుమారు 8 నానోమీటర్లు మాత్రమే, పొడవు అనేక మైక్రోమీటర్లు. కాబట్టి పిపెట్‌తో గట్టిగా పీల్చినా, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినా అది తెగిపోతుంది. ఈ సంగతి ఎరిగిన ఆపరేటర్ మిశ్రమాన్ని కడగవద్దని ముందే చెప్పి, కార్బన్ పొర ఉన్న గ్రిడ్‌ను (నమూనాను నిలిపే చిన్న జాలీని) మిశ్రమం చుక్కపై బోర్లించి, కణాలు అంటుకున్నాక దాని అంచును వడపోత కాగితానికి తాకించి తడిని తీసి, ఆపై కణాలు స్పష్టంగా కనిపించేందుకు యురానిల్ ఎసిటేట్ అనే రంజకం వేశారు. అంతకంటే విలువైనది ఎం.ఎస్. 2 ఫేజ్‌ను (బాక్టీరియాకు సోకే ఒక వైరస్‌ను) కలపమన్న వారి సలహా. ఈ ఫేజ్ ఎఫ్ పైలస్ పక్కలకు అంటుకుంటుంది కనుక, దాత కణం నుంచి బయలుదేరిన దారం వెంట గుండ్రని ఫేజ్ రేణువులు బారులు తీరి కనిపించాయి. ఫేజ్ అంటక నునుపుగా మిగిలిన ఇతర దారాలను, అంటే ఫింబ్రియేను, కశాభాలను పైలస్‌గా పొరబడే ప్రమాదం తప్పింది. కొన్ని జతలు దూరంగా దారంతో కలిసి ఉండగా, మరికొన్ని పక్కపక్కన ఒత్తుకొని ఉన్నాయి. పైలస్ వెనక్కి ముడుచుకొని కణాలను దగ్గరకు లాగుతుందన్న అవగాహనకు ఇది సరిపోతుంది, అయితే నిశ్చల చిత్రం కదలికను రుజువు చేయదు.

చిక్కంతా కణాలను కోసి తీసిన పలుచని సెక్షన్ల దగ్గర వచ్చింది. గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనంతో స్థిరపరచి, ఆల్కహాల్‌తో నీటిని తొలగించి, రెజిన్‌లో పొదిగిన కణాల పొరలు ముడతలు పడ్డాయి. రెండు కణాల మధ్య కనిపించిన ఒక మసక గీతకు నివేదికలో బాణం గుర్తు పెట్టి ‘డీఎన్ఏ మార్గం’ అని రాశారు. వేగంగా గడ్డకట్టించిన నమూనాలపై 1991లో డ్యూరెన్‌బెర్గర్ బృందం ప్రచురించిన పరిశీలనలో, వెలుపలి పొరలు గట్టిగా ఆనుకొని కనిపించాయే తప్ప కణద్రవ్యాలను కలిపే వంతెన కనిపించలేదు. అటువంటప్పుడు రసాయనాలతో ముడుచుకున్న పొరల మధ్య గీతకు అంత పెద్ద పేరు పెట్టడం తొందరపాటే.

అభ్యంతరం తెలిపిన తరువాత వారు వాదించకుండా బాణం తీసివేసి, స్కేలు గీత ఉన్న అసలు ఫైళ్లన్నీ ఇచ్చారు. రసాయనాలకు బదులు కణాలను అధిక పీడనంలో వేగంగా గడ్డకట్టించే పరికరం తమ వద్ద లేదన్న మాట మాత్రం అప్పుడే బయటపడింది. పైలస్‌ను గుర్తించాలనుకునేవారు నిస్సంకోచంగా ఇక్కడికి వెళ్లవచ్చు. పొరల కలయికను చూడదలచినవారు రుసుము చెల్లించకముందే ఆ పరికరం గురించి అడగాలి.