ఆటోనగర్లో ఒరిజినల్ అని డూప్లికేట్ బ్రేక్ షూలు అంటగడుతున్నారు, జాగ్రత్త

ఇప్పుడే ఆ షాపు నుంచి వచ్చా, కోపంతో చేతులు వణుకుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. విజయవాడ ఆటోనగర్లో మారుతీ పార్టులకి పేరున్న షాపు, పేరు రాయట్లేదు, ఆ లైన్లో తిరిగేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మా ఆల్టోకి పదిహేనేళ్లు నిండబోతున్నాయి, ఆర్సీ రెన్యువల్‌కి 5000 కట్టి తీసుకెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు హ్యాండ్ బ్రేక్ వేయించి తోయించారు, బండి కదిలిపోయింది. బాగు చేయించుకుని మళ్లీ రండి అన్నారు, న్యాయమే. ఆల్టోకి హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక డ్రమ్ముల్లో షూల మీదే, అవి అరిగిపోయాయి. ఈ పని నాకు బాగా వచ్చు, ఇంటి దగ్గరే స్టాండ్ల మీద పెట్టి ఎన్నో ఏళ్లుగా చేసుకుంటున్నా.

పాత షూలు పట్టుకెళ్లి, రేటు ఎక్కువైనా పర్లేదు కంపెనీదే కావాలని అడిగి మరీ తీసుకున్నా. హోలోగ్రాం స్టిక్కరున్న డబ్బా చూపించి "అన్నయ్యా, మన దగ్గర డూప్లికేట్ అన్న మాటే లేదు" అన్నాడు. బిగించాక హ్యాండ్ బ్రేక్ కూడా బాగానే పట్టింది. తర్వాత అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర బ్రేక్ తొక్కగానే వెనక గరగరమని మోత, బండి ఒక పక్కకి లాగేసింది. ముందు డిస్కులు పట్టాయి కాబట్టి ఆగింది, లేకపోతే ఎదురుగా బస్సు.

ఇంటికొచ్చి డ్రమ్ము ఊడదీస్తే లైనింగ్, అంటే డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే పొర, మొత్తం షూ రేకుని వదిలేసి ముక్కలై లోపల ఇరుక్కుని ఉంది, డ్రమ్ము కూడా గీతలు పడిపోయింది. రేకు మీద జిగురు అక్కడక్కడ చుక్కలు పెట్టారంతే, మిగతాదంతా నున్నగా ఖాళీ. డబ్బా మీద స్టిక్కర్ గోటితో గీకితే రంగు లేచొచ్చింది.

అన్నీ పట్టుకుని షాపుకెళ్లా. "ఏదీ డబ్బా ఇటివ్వండి" అన్నాడు, ఇచ్చా. అటూ ఇటూ తిప్పి చూసి కౌంటర్ కింద పడేశాడు, పడేసి నా మొహంలోకి చూస్తూ "ఇది మా సరుకు కాదండి, ఎక్కడ కొన్నారో అక్కడ అడగండి" అంటాడు! నా డబ్బా నాకివ్వు అంటే "ఏ డబ్బా?" అంటాడు. పక్కన మెకానిక్కులు నిలబడి చూస్తున్నారు, ఒక్కడూ నోరెత్తలేదు. పైగా "ఇంట్లో మీరే బిగించుకుని ఊడగొట్టుకుంటే మాదా పూచీ" అని గట్టిగా అందరికీ వినపడేలా. బిగింపులో తేడా ఉంటే స్ప్రింగ్ ఊడాలి, షూ పక్కకి జరగాలి, లైనింగ్ రేకుని వదిలేయడానికీ నా బిగింపుకీ ఏంటి సంబంధం? అది తయారుచేసేటప్పుడు అతికించాల్సింది. బండిలో మా అమ్మ ఉంది అని చెప్పా. ఫోన్ చూసుకుంటూ "ఏం కాలేదుగా" అన్నాడు. ఆ ఒక్క మాటకి వాణ్ణి జన్మలో క్షమించను.

ఇచ్చింది తెల్ల చీటీ, షాపు పేరు లేదు, జీఎస్టీ నంబర్ లేదు. అయినా వదిలేది లేదు, యూపీఐలో కట్టిన రుజువుంది, ముక్కల ఫొటోలున్నాయి. బిల్లు ఇవ్వకపోవడం, పాడైన సరుకు వెనక్కి తీసుకోకపోవడం రెండూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టేశా. ఈలోపు ఆర్సీ గడువు దాటితే నెలకి 500 చొప్పున అదనంగా కట్టాలి, అదీ నా నెత్తినే.

బ్రేక్ పార్టులు ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు లేకుండా కదలకండి, డబ్బాకి అన్ని వైపులా ఫొటో తీసుకోండి, కంప్లైంట్‌కి వెళ్తే డబ్బా వాళ్ల చేతికివ్వకండి. ఈమధ్య ఆ షాపులో షూలు కొన్నవాళ్లు దయచేసి ఇవాళే డ్రమ్ము విప్పి లైనింగ్ అంచు గోటితో లాగి చూడండి, ఏమాత్రం లేచినా ఆ బండి బయటికి తీయొద్దు.