బ్యాక్ టు ద ఫ్యూచర్ 4కే డిస్కులు: ఏది కొనాలి, ఎలా చూడాలి

కారులో కాలప్రయాణం చేసే కుర్రాడి కథ, మూడు భాగాల హాలీవుడ్ సినిమా బ్యాక్ టు ద ఫ్యూచర్‌ని మళ్లీ చూద్దామనుకునేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది ఏ కాపీ చూడాలన్నది. ఏదో ఒక ఓటీటీలో పెట్టేస్తే సరిపోతుందనిపిస్తుంది గానీ, ఈ సినిమా విషయంలో సరిపోదు. ఇందులో సగం కథ డైలాగుల్లో కాకుండా ఫ్రేము అంచుల్లో ఉంటుంది.

హీరో మార్టీ టైమ్ మెషిన్ కారులో 1985 అక్టోబర్ 26 అర్ధరాత్రి దాటాక బయల్దేరిన మాల్ పేరు ట్విన్ పైన్స్. 1955లో దిగాక, ఒక రైతు తుపాకీ నుంచి తప్పించుకునే కంగారులో అక్కడున్న రెండు పైన్ మొక్కల్లో ఒకదాన్ని కారుతో తొక్కేస్తాడు. తిరిగొచ్చేసరికి అదే మాల్ బోర్డు మీద లోన్ పైన్ అని ఉంటుంది. ఆ సంగతి ఎవరూ నోరెత్తి చెప్పరు. 1955లో, ఆ టైమ్ మెషిన్ తయారుచేసిన డాక్ బ్రౌన్ బరువుకి కోర్టు గడియారం కింది గట్టులో ఒక ముక్క విరిగిపడుతుంది. చివర్లో 1985కి వచ్చాక చూస్తే అక్కడ ఆ ముక్క ఉండదు. సినిమా మొదట్లో కనిపించే గడియారాల్లో ఒకదాని ముల్లు పట్టుకుని ఒక చిన్న మనిషి బొమ్మ వేలాడుతుంటుంది. క్లైమాక్స్ ఏమిటో అప్పుడే చెప్పేశారన్నమాట. స్టాట్లర్ అన్న పేరు 1985లో టయోటా షోరూమ్ మీద, 1955లో స్టూడీబేకర్ షోరూమ్ మీద, మూడో భాగంలో 1885 నాటి గుర్రాల వ్యాపారి బోర్డు మీద కనిపిస్తుంది. రాబర్ట్ జెమెకిస్, బాబ్ గేల్ రాసిన స్క్రీన్‌ప్లేని ఇన్నేళ్లుగా మెచ్చుకుంటున్నది ఈ అల్లిక కోసమే. ఇదంతా అందాలంటే బొమ్మ పదునుగా ఉండాలి, ఫ్రేము ఎక్కడా కోత పడకూడదు. చాలా ఏళ్లపాటు హోమ్ వీడియోలో ఈ రెండూ సరిగ్గా కుదరలేదు.

1985 జులై 3న థియేటర్లకు వచ్చిన సినిమా మరుసటి ఏడాది వీహెచ్‌ఎస్ క్యాసెట్‌గా వచ్చింది. టైమ్ మెషిన్‌గా మార్చిన డిలోరియన్ కారు గాల్లోకి లేచి వెళ్లిపోయాక 'టు బీ కంటిన్యూడ్' అన్న అక్షరాలు గుర్తున్నవాళ్లు ఆ క్యాసెట్ చూసినవాళ్లే. థియేటర్ ప్రింటులో ఆ మాట లేదు. రెండో భాగం తీయాలనుకున్నాక క్యాసెట్‌లో చేర్చారు, 2002 డీవీడీలో మళ్లీ తీసేశారు. 4కేలోనూ లేదు. డిస్కులో ఏదో కోత పడిందని కంగారు పడకండి. అసలు ముగింపు అదే.

ఆ 2002 డీవీడీ సెట్టు గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. సెకండ్‌హ్యాండ్‌లో అది ఇంకా చేతులు మారుతూనే ఉంది. థియేటర్‌లో ఈ సినిమాల ఫ్రేము 1.85:1. కెమెరా నెగెటివ్ మీద అంతకన్నా ఎక్కువ ఎత్తున్న బొమ్మ పడుతుంది. డిస్కు తయారుచేసేటప్పుడు అందులోంచి సరైన భాగాన్ని ఎంచుకుని పైనా కిందా కత్తిరించాలి. వైడ్‌స్క్రీన్ సెట్టులో రెండు, మూడు భాగాలకి ఈ పని తప్పుగా జరిగింది. చాలా షాట్లలో బొమ్మ ఉండాల్సిన చోట నుంచి పైకో కిందికో జరిగిపోయింది. సినిమా స్టూడియో యూనివర్సల్ తర్వాత సరిచేసిన డిస్కులు ఇచ్చింది. వాటి మీద చిన్న అక్షరాల్లో 'వీ2' అని ఉంటుంది. అట్టపెట్టె చూసి ఏదో చెప్పలేం. డిస్కులు బయటికి తీసి చూడాల్సిందే. వీ2 లేకపోతే ఆ సెట్టు వద్దు.

2010 అక్టోబర్‌లో వచ్చిన బ్లూ-రేలో ఫ్రేము సరిగ్గానే ఉంది గానీ, మొదటి భాగం బొమ్మకి కృత్రిమంగా పదును పెట్టిన ఛాయలు కనిపిస్తాయి. ముఖాలు కాస్త నునుపుదేరాయి. అందులో ఒక గొప్ప అదనం మాత్రం ఉంది: 'టేల్స్ ఫ్రమ్ ద ఫ్యూచర్' అనే డాక్యుమెంటరీ. మైఖేల్ జె. ఫాక్స్ కంటే ముందు మార్టీ పాత్రలో కొన్ని వారాలు నటించి, 1985 జనవరిలో తప్పించబడిన ఎరిక్ స్టోల్ట్జ్ దృశ్యాలు కొన్ని అందులో చూడొచ్చు. ఒకే సీను ఇద్దరు నటుల చేతిలో ఎంత మారిపోతుందో ఆ కొద్ది సెకన్లలోనే అర్థమవుతుంది.

ఇక 2020 అక్టోబర్‌లో వచ్చిన 4కే యూహెచ్‌డీ సెట్టు. ఒక్కమాటలో, ఇంట్లో ఉంచుకోవాల్సింది ఇదే. 35 ఎంఎం ఫిల్ములో ఇంత వివరం దాగుందా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. 1991లో వచ్చిన మన ఆదిత్య 369ని కూడా 2025 ఏప్రిల్‌లో 4కేలో థియేటర్లకు మళ్లీ తేగలిగారు. ఫిల్ము మీద తీసినవాటికి ఆ వీలుంది.

డీన్ కండీ ఛాయాగ్రహణం ఎంత ఆలోచించి చేసిందో ఈ డిస్కులోనే తెలుస్తుంది. 1955 టౌన్ స్క్వేర్‌లో కార్ల క్రోము, కొత్త పెయింటు, దుస్తుల రంగులు నిండుగా ఉంటాయి. 1985లో అదే చౌరస్తా వెలిసిపోయి ఉంటుంది. యూనివర్సల్ బ్యాక్‌లాట్‌లో ముందు 1955 సన్నివేశాలు తీసేసుకుని, ఆ తర్వాత సెట్టును పాడుబెట్టి 1985గా మార్చారు. వెలుగునీ చీకటినీ ఇంకా ఎక్కువ తేడాతో చూపించే హెచ్‌డీఆర్ వల్ల ఆ తేడా ఇప్పుడు సూటిగా కనపడుతుంది. మాల్ పార్కింగ్ సీనులో పొగలోంచి డిలోరియన్ దిగి వచ్చేటప్పుడు నలుపు నలుపుగానే ఉంటుంది, కారులోని టైమ్ ట్రావెల్ పరికరం ఫ్లక్స్ కెపాసిటర్ వెలుగు మాత్రం కళ్లకి గట్టిగా తగులుతుంది. స్పీడోమీటర్ క్లోజప్ కూడా గమనించండి. అసలు డిలోరియన్ కారు మీటరు 85 మైళ్ల దగ్గరే ఆగిపోతుంది. కథకి 88 కావాలి, అంటే గంటకు దాదాపు 142 కిలోమీటర్లు. అందుకని సినిమా కోసం వేరే డయల్ చేయించారు.

పదును పెరిగితే దాగినవీ బయటపడతాయి. డాన్స్ పార్టీలో మార్టీ వాయించే గిబ్సన్ ఈఎస్-345 గిటార్ 1955 నాటికి ఇంకా తయారే కాలేదు. మార్టీ తల్లిదండ్రుల ముసలి మేకప్‌లో రబ్బరు అంచులు ఇదివరకటికన్నా తేలిగ్గా కనపడతాయి. రెండో భాగంలో ఇది ఇంకా ఎక్కువ. మార్టీ తండ్రి జార్జ్ పాత్ర వేసిన క్రిస్పిన్ గ్లోవర్ తిరిగి రాకపోవడంతో జెఫ్రీ వైస్‌మన్‌కి ముఖం నిండా మేకప్ వేసి, 2015 సీనులో తలకిందులుగా వేలాడదీశారు. ఆ తలకిందుల ఏర్పాటు దేనికోసమో ఈ డిస్కులో చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

రెండో భాగం గురించి ఇంకో మాట. కొన్ని షాట్లు ఉన్నట్టుండి మెత్తబడి, గ్రెయిన్ (ఫిల్ము మీది సన్నని చుక్కలు) ఎక్కువై కనపడతాయి. అది డిస్కు లోపం కాదు, టీవీ లోపం కూడా కాదు. కంప్యూటర్ గ్రాఫిక్స్ రాకముందు ఎగిరే కారునీ వెనకాల ఆకాశాన్నీ వేరువేరుగా తీసి, ఆప్టికల్ ప్రింటర్‌లో మళ్లీ ఫిల్ము మీదికి కలిపేవాళ్లు. అలా కలిపిన ప్రతిసారీ ఒక తరం వివరం పోయి, ఒక తరం గ్రెయిన్ చేరుతుంది. ఎగిరే కార్ల దృశ్యాలన్నీ అందువల్లే అలా ఉంటాయి. దాన్ని కడిగేయకుండా వదిలిపెట్టడం సరైన నిర్ణయం. ఫాక్స్ ఒక్కడే తండ్రిగా, కొడుకుగా, కూతురిగా ఒకే భోజనం బల్ల దగ్గర కూర్చున్న సీను మాత్రం ఇప్పటికీ ఔరా అనిపిస్తుంది. కెమెరా కదలికను కంప్యూటర్‌తో అచ్చంగా అదే విధంగా మళ్లీ మళ్లీ చేయించే విస్టాగ్లైడ్ అనే ఏర్పాటుతో తీశారది. అతుకు కోసం ఎంత వెతికినా కథ మీంచి దృష్టి పోదు. మూడో భాగం ఎక్కువగా ఆరుబయట పగటి వెలుగులో తీసింది కాబట్టి బొమ్మపరంగా మూడింట్లోనూ అదే శుభ్రంగా ఉంటుంది.

శబ్దం డాల్బీ అట్మాస్, అంటే చుట్టూనే కాక తల మీంచి కూడా వినపడే పద్ధతి. మొదటి భాగానికి సౌండ్ ఎఫెక్ట్స్ ఎడిటింగ్‌లో ఆస్కార్ వచ్చింది, కాబట్టి ఇక్కడ ఆశ ఎక్కువే ఉంటుంది. గడియారాల టిక్‌టిక్ గది చుట్టూ పరుచుకుంటుంది, క్లాక్ టవర్ తుపాను తల మీదికి వస్తుంది, అలన్ సిల్వెస్ట్రీ సంగీతానికి ఊపిరాడుతుంది. డైలాగు మాత్రం ముందు స్పీకర్‌లోనే నిలకడగా ఉంటుంది. డాక్ మాటల వేగానికి అది అవసరం కూడా. అమెరికా సెట్టులో తెలుగు ఆడియో గానీ సబ్‌టైటిళ్లు గానీ లేవు, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు ఉన్నాయి.

ఇండియా, యూరప్ టీవీల పాత పద్ధతి అయిన పాల్‌లో చేసిన డీవీడీలకు ఒక చిక్కుంది. సెకనుకు 24 ఫ్రేముల సినిమాని 25తో ఆడించడంతో 116 నిమిషాలది దాదాపు 111లోనే అయిపోతుంది. శ్రుతిని వేరుగా సరిచేయకపోతే ధ్వని సుమారు 0.7 సెమిటోన్ పైకి జరుగుతుంది. డాన్స్ పార్టీలో మార్టీ అక్కడి బ్యాండుతో 'బీ'లో వాయించమని చెప్పే పాట అప్పుడు దాదాపు 'సీ'లో వినపడుతుంది. గిటార్ పట్టుకుని డిస్కుతోపాటు వాయించాలనుకునేవాళ్లు గమనించుకోవాలి. బ్లూ-రేలోనూ 4కేలోనూ సినిమా 24 ఫ్రేముల్లోనే ఉంటుంది కాబట్టి ఈ గొడవ లేదు.

డిస్కు ఎంత మంచిదైనా టీవీ ఫ్యాక్టరీ సెట్టింగుల్లో ఉంటే డబ్బు వృథా. ముందు టీవీ మెనూలో ప్లేయర్ పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్టుకి పూర్తి బ్యాండ్‌విడ్త్ ఇవ్వాలి. సామ్‌సంగ్‌లో దాన్ని ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో డీప్ కలర్, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్. ఇది చేయకపోతే హెచ్‌డీఆర్ రాకపోవచ్చు. కేబుల్ 18 జీబీపీఎస్ తట్టుకునేదై ఉండాలి. మధ్యమధ్య స్క్రీన్ నల్లబడి తిరిగొస్తుంటే మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే. పిక్చర్ మోడ్ ఫిల్మ్‌మేకర్ లేదా సినిమాలో ఉంచి, మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ రెండూ ఆపేయండి. నాయిస్ రిడక్షన్ ఆన్‌లో ఉంటే ఫిల్ము గ్రెయిన్‌ని మరకనుకుని తుడిచేస్తుంది, ముఖాలు మైనంలా మారతాయి. షార్ప్‌నెస్ ఎల్‌జీ, సామ్‌సంగ్‌లలో సున్నాకి తేవాలి. సోనీలో 50 ఉంటే ఏమీ కలపనట్టు లెక్క, దాన్ని సున్నా చేస్తే బొమ్మ మసకబారుతుంది.

ప్లేయర్‌లో 24పీ (సెకనుకు 24 ఫ్రేములు) అవుట్‌పుట్ ఆన్ చేసి, సినిమా మొదటి షాట్‌నే పరీక్షగా వాడండి. కెమెరా గడియారాల మీదుగా నెమ్మదిగా జరుగుతూ పోతుంది. ఆ కదలిక కుదుపుల్లేకుండా సాగితే అంతా సరిగ్గా ఉన్నట్టు. లయ తప్పి ఆగి ఆగి నడిస్తే 60 హెర్ట్జ్‌లో వస్తోందన్నమాట. మరీ జారుడుగా, సీరియల్ చూస్తున్నట్టు ఉంటే స్మూతింగ్ ఇంకా ఆగలేదు. కాసేపటికి మార్టీ గిటార్ మీటగానే పెద్ద స్పీకరు పేలి అతన్ని వెనక్కి విసిరేస్తుంది. సబ్‌వూఫర్ స్థాయి సరిచూసుకోవడానికి అంతకన్నా మంచి చోటు ఇంకోటి లేదు.

అట్మాస్ రాకపోవడానికి మామూలుగా రెండు కారణాలుంటాయి. డిస్కులోని అట్మాస్ ట్రూహెచ్‌డీ అనే భారీ ఆడియో రూపంలో ఉంటుంది. టీవీ నుంచి సౌండ్‌బార్‌కి శబ్దాన్ని పంపే మామూలు ఏఆర్‌సీ దాన్ని మోయలేదు, దాని మెరుగైన రూపం ఈ-ఏఆర్‌సీ కావాలి. అది లేని టీవీ అయితే ప్లేయర్‌ని నేరుగా సౌండ్‌బార్ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి కలిపి, అక్కణ్ణుంచి టీవీకి తీసుకెళ్లండి. రెండో కారణం ప్లేయర్ సెట్టింగు. ఆడియోని బిట్‌స్ట్రీమ్‌లో (శబ్దాన్ని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) పెట్టి, సెకండరీ ఆడియో లేదా ఆడియో మిక్స్ ఆఫ్ చేయాలి. ప్లేస్టేషన్ 5 వాడేవాళ్లు డిస్కు ఆడుతుండగానే ఆప్షన్స్ నొక్కి ఆడియో ఫార్మాట్ మార్చుకోవాలి. పీఎస్5 గానీ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ గానీ డిస్కుల నుంచి హెచ్‌డీఆర్‌లో మెరుగైన రకం డాల్బీ విజన్ ఇవ్వవు, మామూలు రకం హెచ్‌డీఆర్10తో సరిపెట్టుకోవాలి. తేడా ఉంది గానీ, కేవలం దానికోసం కొత్త ప్లేయర్ కొనేంత కాదు. పీఎస్5 డిజిటల్ ఎడిషన్‌లో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో అసలు డ్రైవే ఉండదు.

స్ట్రీమింగ్‌తో పోల్చి అడిగేవాళ్లకి: 4కే స్ట్రీమ్ సాధారణంగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల దగ్గర ఉంటుంది. యూహెచ్‌డీ డిస్కు వందకి పైగా ఇవ్వగలదు. పొగ, వాన, గ్రెయిన్ కలిసిన చోట ఆ లెక్క కంటికి తెలుస్తుంది. మాల్ సీను, తుపాను సీను రెండూ అలాంటివే.

కొనేముందు రీజియన్ చూసుకోవాలి. డీవీడీలకు ఇండియా రీజియన్ 5, అమెరికా 1, బ్రిటన్ 2. బ్లూ-రేలో మనది సి, అమెరికా ఎ, బ్రిటన్ బి. యూహెచ్‌డీ డిస్కులకు రీజియన్ లాక్ లేదు కాబట్టి ఎక్కడ కొన్నా మన ప్లేయర్‌లో ఆడుతుంది. ప్యాక్‌తోపాటు వచ్చే బ్లూ-రే కాపీల సంగతి మాత్రం విడిగా చూసుకోండి. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కలిపి లెక్క వేసుకోండి. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న బంధువులు సెలవులకొస్తుంటే వాళ్లతో తెప్పించుకోవడం మేలు.

పెట్టె అందగానే ప్రతి డిస్కునీ వెలుగులో వంచి గీతలు చూడండి. వాపసు గడువు లోపల మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా ఒకసారి ఆడించండి. యూహెచ్‌డీ డిస్కుల్లో సమాచారం చాలా దట్టంగా ఉంటుంది. వేలిముద్ర చాలు, సినిమా మధ్యలో బొమ్మ బిగుసుకుపోవడానికి. అలా ఆగితే మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. తుడిచాక కూడా అదే నిమిషం దగ్గర ఆగితే డిస్కుదే లోపం, వెంటనే మార్చమనండి.