హరికేన్ వస్తోందంటే ఊరు విడవాలా, ఇంట్లోనే ఉండాలా?

జూన్ నుంచి నవంబర్ దాకా, అమెరికాలో హరికేన్ల కాలమంతా, టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లోనైనా ఫ్లోరిడాలోని టాంపాలోనైనా మనవాళ్లు ముందు అడిగేది ఒకటే: "కేటగిరీ ఎంతండీ?" ఆ అంకె చూసి నిర్ణయం తీసుకోవద్దు. కేటగిరీ గాలి వేగాన్ని మాత్రమే చెబుతుంది. ఉప్పెన ఎన్ని అడుగులు లేస్తుందో, వాన ఎన్ని అంగుళాలు కురుస్తుందో, కరెంటు ఎన్నాళ్లు పోతుందో అందులో ఉండదు. 2024 జులైలో వచ్చిన బెరిల్ కేటగిరీ 1 తుఫానే. అయినా హ్యూస్టన్ ప్రాంతంలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కొందరికి వారం దాటినా రాలేదు. 2017లో హార్వే కేటగిరీ 4గా తీరం దాటింది రాక్‌పోర్ట్ దగ్గర. అక్కడికి ఎంతో దూరంలో ఉన్న హ్యూస్టన్‌ను ముంచింది గాలి కాదు, వాన. హ్యూస్టన్‌కు తూర్పున ఉన్న నెడర్లాండ్‌లో 60.58 అంగుళాలు నమోదైంది.

గాలి వస్తే దాక్కోవచ్చు, నీళ్లొస్తే మాత్రం పోవాల్సిందే. ఉండాలా వెళ్లాలా అన్న లెక్క ఇక్కడ మొదలుపెట్టాలి. మీ గుమ్మం దాకా ఏ నీళ్లు రాగలవు? సముద్రం నుంచా, బేయూ (ఊళ్లోంచి మెల్లగా పారే వాగు) నుంచా, రిజర్వాయర్ నుంచా?

రెండు మ్యాపులు, రెండు సంగతులు

"మాది జోన్ ఎక్స్ అండీ, మాకేం భయం లేదు" అంటుంటారు. ఆ ఎక్స్ అనేది ఫీమా (అమెరికా విపత్తు సహాయ సంస్థ) వాళ్ల ఫ్లడ్ జోన్, ఇన్సూరెన్స్ కోసం గీసిన మ్యాపులోది. తరలింపు జోన్ వేరు. అది ఉప్పెన ఎంతవరకు వస్తుందో లెక్కగట్టి గీసింది. ఫ్లోరిడాలో ఎ, బి, సి అని అక్షరాలుంటాయి. ఎ అంటే అందరికన్నా ముందు ఖాళీ చేయాల్సిన చోటు. హ్యూస్టన్ వైపు పిన్‌కోడ్‌ల వారీగా కోస్టల్, ఎ, బి, సి అని ఉంటాయి. ఒకే ఇల్లు ఫ్లడ్ మ్యాపులో ఎక్స్‌లో, తరలింపు మ్యాపులో బిలో ఉండొచ్చు. తుఫాను రోజున చూడాల్సింది రెండోది. కౌంటీ వెబ్‌సైట్‌లో అడ్రసు కొడితే నిమిషంలో తెలుస్తుంది. ఆ పని మే నెలలోనే చేసి కాగితం ఫ్రిజ్‌కి అతికించండి.

రెండు మ్యాపులూ చెప్పని నీళ్లు కూడా ఉంటాయి. హ్యూస్టన్‌కు పడమట కేటీ, సింకో రాంచ్ వైపు బార్కర్ రిజర్వాయర్‌ను ఆనుకుని ఉన్న కాలనీల్లో హార్వే అప్పుడు జరిగింది అదే. ఆనకట్ట నిండితే నీళ్లు వెనక్కి ఎంత దూరం పరుచుకుంటాయో ఆ పరిధిలోనే ఇళ్లు కట్టారు. చాలామందికి ఆ సంగతి తెలియదు, ఫ్లడ్ ఇన్సూరెన్సూ లేదు. వాన తగ్గుముఖం పట్టాక, "ఇక గండం గడిచింది" అనుకుంటుండగా, రోడ్డు మీద నీళ్లు గంటకు ఇంత చొప్పున లేచి గరాజ్‌లోకి, అక్కడి నుంచి హాల్లోకి వచ్చాయి. బార్కర్, ఆడిక్స్ రిజర్వాయర్లకు పైభాగాన ఇల్లుంటే ఆకాశాన్ని కాదు, కౌంటీ ఫ్లడ్ గేజ్‌ల సైటులో రిజర్వాయర్ మట్టాన్ని చూస్తూ ఉండాలి.

చర్చకు తావులేని వాళ్లు

మీ జోన్‌కి ఖాళీ చేయమని ఆర్డరు వచ్చిందా, వెళ్లిపోవాలి. మొబైల్ హోమ్‌లో ఉన్నారా, కేటగిరీ ఏదైనా వెళ్లిపోవాలి. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లు, డయాలిసిస్ వాళ్లు, నెలల పిల్లలు ఉంటే ఆర్డరు కోసం కూడా ఆగకండి. అలాంటివారు టెక్సాస్‌లో 211కి ఫోన్ చేసి స్టియర్ అనే సహాయ జాబితాలో ముందుగానే పేరు రాయించుకోవచ్చు.

ఉప్పెన విషయంలో బేరాలు వద్దు. 1977 నవంబర్ 19న దివిసీమ మీద పడింది అదే. 2022 సెప్టెంబర్‌లో ఇయాన్ అప్పుడు ఫోర్ట్ మైయర్స్ బీచ్‌లో నేల మీద 10 నుంచి 15 అడుగుల దాకా లేచిందీ అదే. ఒక ఘన గజం నీళ్లు 770 కిలోల దాకా తూగుతాయి. అలాంటివి వందలకొద్దీ వచ్చి గోడను గుద్దుతాయి. చెక్క ఫ్రేమ్ ఇల్లు, పైఅంతస్తు ఉందన్న ధైర్యం అక్కడ పనికిరావు. కేంద్రం దూరంగా పోతోంది కదా అన్న ధీమా కూడా వద్దు. 2024లో హెలీన్ తీరం దాటిన చోటు టాంపా బేకి వంద మైళ్ల పైనే. అయినా బే చుట్టూ తీరంలో ఇళ్లు మునిగాయి.

వెళ్తే ఎంత దూరం?

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఊరు విడవడమంటే హ్యూస్టన్ నుంచి డల్లాస్, టాంపా నుంచి అట్లాంటా అనుకుంటారు. 2005 సెప్టెంబర్‌లో, కత్రినా వచ్చి నెలైనా కాకముందే రీటా వస్తోందనేసరికి 25 లక్షల మందికి పైగా ఒక్కసారిగా రోడ్డెక్కారు. అందులో తరలింపు జోన్‌లో లేనివాళ్లే చాలామంది. నాలుగు గంటల దారికి 20 గంటలకు పైగా పట్టింది. పెట్రోలు అయిపోయి, ఎండలో ఏసీ ఆపుకుని కూర్చున్నారు. వృద్ధాశ్రమం నుంచి బయల్దేరిన బస్సు డల్లాస్ దగ్గర మంటల్లో చిక్కుకుని 23 మంది పోయారు. టెక్సాస్‌లో రీటాకి చనిపోయిన వందకు పైగా మందిలో అత్యధికులు తుఫాను తాకకుండానే, తరలింపులోనే పోయారు.

అందుకే మూడో దారిని ముందు ఆలోచించాలి. తరలింపు జోన్ బయట, గట్టి ఇల్లున్న స్నేహితుల దగ్గరికి 20, 30 మైళ్లు వెళ్తే చాలు. ఉప్పెన అందని ఎత్తు దొరికితే చాలు, ఇంకో రాష్ట్రం అక్కర్లేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జోన్ ఎలో ఉన్న కుటుంబానికి టాంపా ఉత్తరాన జోన్ లేని ఇంట్లో రెండు రాత్రులు గడిస్తే సరిపోతుంది. దగ్గరే కాబట్టి ఆలస్యంగా బయల్దేరినా చేరతారు, తిరిగి రావడమూ తేలిక. ఒక చిక్కుంది. ఆ ఇంటికీ కరెంటు పోవచ్చు. మీ నీళ్లు, మీ మందులు, మీ పరుపులు పట్టుకెళ్లండి, ఆతిథ్యం ఇచ్చేవాళ్ల మీద భారం వేయకుండా. తుఫాన్ల కాలం మొదలయ్యే ముందే అడిగి మాట తీసుకోండి.

దూరం వెళ్లాల్సింది ఎప్పుడంటే, ఇంట్లో కరెంటు లేకుండా ఉండలేనివాళ్లు ఉన్నప్పుడు. అప్పుడు కూడా దిక్కు చూసుకోండి. హెలీన్ వాన నార్త్ కరోలినా కొండల్లోని ఆష్‌విల్ దాకా వెళ్లి ముంచింది. అదే ఏడాది అక్టోబర్ 9న మిల్టన్ పడమటి తీరంలో సియెస్టా కీ దగ్గర దిగింది, కానీ టోర్నడోలు లేచింది తూర్పు తీరంలో, సెయింట్ లూసీ కౌంటీలో ప్రాణాలు తీశాయి. తుఫాను ముందుకు సాగే దారిలోకే పరుగెత్తకూడదు, దానికి అడ్డంగా పక్కకు పోవాలి. తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో మ్యాపులో చూపే కోన్ అంచున ఉన్నాం కదా అని ఊరట పడొద్దు. కేంద్రం కోన్ లోపలే ఉండే అవకాశం మూడింట రెండు వంతులే.

ఎప్పటిలోగా?

నేషనల్ హరికేన్ సెంటర్ సైటులో గంటకు 39 మైళ్ల గాలి మీ ఊరికి ఎప్పుడు చేరుతుందో చూపే మ్యాపు ఉంటుంది. రెండు రకాలు: చేరే అవకాశమున్న తొలి సమయం ఒకటి, చేరవచ్చని ఎక్కువగా అంచనా ఉన్న సమయం ఒకటి. మొదటిదే మీ గడువు. ఆ గాలి మొదలయ్యాక ఎత్తయిన వంతెనలు మూసేస్తారు. ఇంకొంచెం పెరిగితే అంబులెన్సులూ రావు. బుధవారం మధ్యాహ్నం రెండింటికి గాలి అని ఉంటే, దూరప్రయాణానికి మంగళవారం తెల్లవారుజామునే కదలాలి. దగ్గరి ఇంటికైతే బుధవారం పొద్దున టిఫిన్ వేళకు గుమ్మం దాటాలి. కొత్త బులెటిన్ సెంట్రల్ టైములో తెల్లవారుజామున 4, ఉదయం 10, సాయంత్రం 4, రాత్రి 10 గంటలకు, ఈస్టర్న్‌లో అవే 5, 11 గంటలకు వస్తుంది. హరికేన్ రావొచ్చని ముందుగా చెప్పే "వాచ్" ప్రకటించిన రోజే ట్యాంకు నింపండి. ఎలక్ట్రిక్ కారైతే వంద శాతం చార్జి చేయండి. కారును వదిలి వెళ్తుంటే ఎత్తు మీద పెట్టండి, ఉప్పునీళ్లలో మునిగిన బ్యాటరీలు తర్వాత అంటుకుంటున్నాయి.

సంచిలో పాస్‌పోర్టులు, ఐ-797 (వీసా ఆమోదం) అసలు కాగితాలు, గ్రీన్ కార్డులు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఇన్సూరెన్స్ పాలసీ వాటర్‌ప్రూఫ్ కవర్లో ఉండాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ల మందుల చీటీ కూడా. ఆ మాత్ర అమెరికాలో వేరే పేరుతో ఉంటుంది కాబట్టి మందు అసలు పేరు రాసి పెట్టుకోండి.

ఉంటే ఏం కావాలి?

జోన్ బయట, నీళ్లు రాని చోట, గట్టి ఇల్లుంటే ఉండటమే మేలు. మీరు రోడ్డెక్కకపోతే తీరం వాళ్లకి దారి దొరుకుతుంది. ఫ్లోరిడాలో 2002 మార్చి తర్వాత కొత్త బిల్డింగ్ కోడ్ కింద కట్టిన ఇల్లయితే మరింత నమ్మకం.

ఇంటికి బలహీనత చాలాసార్లు గరాజ్ తలుపు. రెండు కార్ల తలుపంటే 16 అడుగుల వెడల్పున పల్చటి రేకు. గాలి దాన్ని లోపలికి వంచుతుంది, చక్రాలు పట్టాల్లోంచి ఊడతాయి, తలుపు పడిపోతుంది. అంతే, గాలి లోపలికి దూరి కింది నుంచి పైకప్పును ఎత్తేస్తుంది. తలుపు లోపలివైపు గాలి రేటింగ్ స్టిక్కర్ ఉందో లేదో చూడండి. లేకపోతే తలుపుకి ఊతమిచ్చే బ్రేసింగ్ కిట్ బిగించండి. కిటికీలకు షట్టర్లు, లేదంటే 5/8 అంగుళాల ప్లైవుడ్ స్క్రూలతో కొట్టాలి. టేపు అతికించడం వల్ల ఏ ఉపయోగం లేదు, గాజు పెద్ద ముక్కలుగా పడుతుంది. లోపలి గదుల తలుపులన్నీ మూసి, కిటికీలు లేని లోపలి గదిలో ఉండండి. గాలి ఒక్కసారిగా ఆగితే అది తుఫాను కన్ను కావచ్చు. బయటికి రావద్దు, కన్ను చుట్టూ ఉండే గాలి గోడ వెనక భాగం ఇంకా రావాల్సి ఉంటుంది.

తుఫాను వెళ్లాక తర్వాతి రోజుల్లో కూడా చాలామంది ప్రాణాలు పోతాయి. 2020లో లారా అప్పుడు లూసియానాలో చనిపోయిన వారిలో పెద్ద భాగం జనరేటర్ పొగకే బలయ్యారు. జనరేటర్ ఇంటికి 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం కిటికీలకు ఎడంగా ఉండాలి. తలుపు తెరిచిన గరాజ్ కూడా పనికిరాదు. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం పడగ్గది దగ్గర పెట్టండి. డ్రయ్యర్ ప్లగ్గులోంచి ఇంటికి కరెంటు ఎక్కించొద్దు, లైను సరిచేసే మనిషి చస్తాడు. 2000 వాట్ల ఇన్వర్టర్ జనరేటర్ సెంట్రల్ ఏసీని లాగలేదు. ఫ్రిజ్‌తో పాటు ఒక చిన్న 5000 బీటీయూ కిటికీ ఏసీని నడిపిస్తుంది. పెద్దవాళ్లనీ పిల్లల్నీ ఆ ఒక్క గదిలో పడుకోబెడితే బెరిల్ లాంటి జులై ఎండలో కూడా నెట్టుకురావచ్చు.

తాగడానికి మనిషికి రోజుకి ఒక గ్యాలన్ చొప్పున వారానికి సరిపడా నీళ్లు. టబ్బులో నింపినవి ఫ్లష్‌కి. బియ్యం, పప్పు మూటలకొద్దీ ఉన్నా వండటానికి మంటా నీళ్లూ కావాలి. అటుకులు, మరమరాలు, వేరుశనగలు, పొడులు, పచ్చళ్లు నాలుగు రోజులు ఆదుకుంటాయి. మూసి ఉంచితే ఫ్రిజ్ 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లగా ఉంటుంది. వాడుతున్న ఇన్సులిన్ 86 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు ఉంటే సాధారణంగా 28 రోజులు పనిచేస్తుంది. బయట అంతకు మించితే తడిగుడ్డ చుట్టి మట్టి కూజా పక్కన పెట్టినట్టు చల్లబరచండి.

అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు వాళ్లకి నీళ్లు ఇంట్లోకి రావు, కానీ లిఫ్ట్ ఆగుతుంది, పంపు ఆగితే కుళాయీ ఆగుతుంది. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులు ఉంటే ఇది చిన్న విషయం కాదు. కారును పార్కింగ్ పైఅంతస్తులో పెట్టండి.

ఉండిపోయాక నీళ్లు లోపలికి వస్తే పైఅంతస్తుకి వెళ్లండి. మూసి ఉన్న అటకలోకి ఎక్కొద్దు, కప్పు చీల్చుకుని బయటపడే దారి లేకపోతే అదే చివరి గది అవుతుంది. కదిలే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కారు కొట్టుకుపోతుంది, రెండడుగులుంటే ఎస్‌యూవీ కూడా. ఆ దశలో ఊరు విడిచే ప్రయత్నం చేయకూడదు.

వెళ్లినవాళ్లు బయల్దేరే ముందు ఫ్రీజర్‌లో గడ్డకట్టిన కప్పు నీళ్ల మీద ఒక నాణెం పెట్టండి. తిరిగొచ్చాక నాణెం పైనే ఉంటే కరెంటు ఎక్కువసేపు పోలేదని లెక్క. అడుగున ఉంటే మంచు కరిగి మళ్లీ గడ్డకట్టింది, అందులో ఉన్నవన్నీ పారేయండి. నీళ్లు మీటరు పెట్టె దాకా వచ్చిన గుర్తు కనిపిస్తే మెయిన్ స్విచ్ ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. గోడల మీద నీటి గీతను స్కేలు పెట్టి ఫొటో తీశాకే కార్పెట్ లాగండి. క్లెయిమ్‌కి ఆ గీతే సాక్ష్యం. మామూలు ఇంటి పాలసీ వరదకి ఇవ్వదు, ఫ్లడ్ పాలసీ కొత్తగా తీసుకుంటే అమల్లోకి రావడానికి 30 రోజులు పడుతుంది.