అద్దె ఇల్లు మింగేసిన ఉదయం: బెర్లిన్ నుంచి వియన్నా దాకా జూల యాత్ర

లైప్‌జిగ్‌లో మాకు ఇల్లు అద్దెకిచ్చిన మనిషి మీద నాకింకా కోపం చల్లారలేదు. పోయింది డబ్బే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. పోయింది లైప్‌జిగ్ జూలో ఉదయం పూట. జంతువులు తిండికోసం బయటికొచ్చి, హుషారుగా తిరిగేది ఆ రెండు మూడు గంటలే. మధ్యాహ్నం ఒంటిగంటకి లోపలికి వెళ్తే నిద్రపోతున్న వీపులు కనబడతాయి.

అంతకు ముందు విదేశాలకి వెళ్లిందంతా ప్యాకేజీ టూర్లలోనే. వాళ్ల లెక్కలో జూ అంటే గంటన్నర. ఏనుగు దగ్గర నిలబడేలోపే గైడు జెండా ఊపేస్తాడు. అందుకే ఈసారి ఏజెంటు లేకుండా, జూల కోసమే వెళ్లాలనుకున్నాం. నేను, మా అక్క, మా మేనల్లుడు. వాడికి జంతువుల పిచ్చి. అక్కకి ప్యాలెస్‌ల పిచ్చి, పైగా మోకాళ్ల నొప్పులు. ఈ ఇద్దరినీ ఒప్పించే దారి బెర్లిన్, లైప్‌జిగ్, ప్రాగ్, వియన్నా అని తేలింది. నాలుగింటినీ వరసగా రైల్లోనే చుట్టేయొచ్చు. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా ఒక్కటి చాలు. నాలుగు చోట్లా జూ గేటు దాకా మెట్రోనో ట్రామో బస్సో ఉంది. కారు అక్కర్లేదు.

వీసా గురించి క్లుప్తంగా చెప్తాను. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. మాకు బెర్లిన్, లైప్‌జిగ్ కలిపి జర్మనీ అయింది. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, సర్వీసు చార్జీ విడిగా. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి చివరి నెల దాకా ఆగి టెన్షన్ పడకండి. ప్రయాణ కారణం దగ్గర ఉన్నదున్నట్టు జూలు చూడటానికని రాసి, రోజువారీ ప్లాన్ జత చేశాం. ఎవరూ ఏమీ అడగలేదు.

ప్లాన్‌లో మేం పెట్టుకున్న నియమం ఒక్కటే. జూ ఉన్న రోజు ఇంకే పనీ ఉండకూడదు. ఈ నాలుగు ఊళ్లలోనూ జూ తొమ్మిదికి తెరుస్తారు. తొమ్మిదికి గేటు దగ్గర ఉండాలి, సాయంత్రం మూసేదాకా ఉండాలి. జూ మర్నాడు ఖాళీగా ఉంచాలి, అది అక్క రోజు. చాలామంది "ఉదయం జూ, మధ్యాహ్నం మ్యూజియం" అని రాసుకుంటారు. అలా వెళ్తే రెండూ చూసినట్టు ఉండదు.

బెర్లిన్‌లో రెండు జూలున్నాయి. ఊరు రెండుగా విడిపోయిన కాలంలో పశ్చిమానికి ఒకటి, తూర్పుకి ఒకటి. 1844లో మొదలైన జూ ఊరి నడిబొడ్డున, అదే పేరున్న స్టేషన్ పక్కనే ఉంది. అందరూ దీనికే వెళ్తారు. వెళ్లాల్సిందే. 2024 ఆగస్టులో పుట్టిన ఆడ పాండా కవలలు లేనీ, లోటీ మేం వెళ్లేసరికి ఏడాది దాటి, చెట్టెక్కి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. కానీ అక్క కదలకుండా కూర్చుంది పాండాల దగ్గర కాదు, ఫాటూ దగ్గర. ఫాటూ ముసలి గొరిల్లా. 1959లో ఆ జూకి వచ్చింది. మనుషుల సంరక్షణలో ఉన్న గొరిల్లాలలో ప్రపంచంలోకెల్లా పెద్ద వయసుది అదే అంటారు, అప్పటికే అరవై ఎనిమిది దాటింది. దానికి విడిగా గది, మెత్తటి తిండి. "దీనికీ నాలాగే మోకాళ్లు పట్టేసినట్టున్నాయిరా" అని అక్క అరగంట అక్కడే ఉండిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఈ జూలో ప్రాణాలతో మిగిలినవి 91 జంతువులే. ఇవాళ ప్రపంచంలో అత్యధిక జాతులున్న జూగా పేరు దానిది.

అయినా ఒక్కదానికే టైముంటే నన్నడిగితే తూర్పు వైపున్న టియర్‌పార్క్‌కే వెళ్లమంటాను. యూ5 మెట్రో ఎక్కి టియర్‌పార్క్ స్టేషన్‌లో దిగితే గేటు ఎదురుగానే. 1955లో ఒక పాత జమీందారీ భవనం తోటలో మొదలుపెట్టారు. 160 హెక్టార్లు! ఒంటెలు తిరిగే మైదానం ఒక చివర నిలబడితే రెండో చివర కనబడదు. జనం లేరు. మాతోపాటు బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఎక్కువమంది ఆ చుట్టుపక్కల వాళ్లే, సీజన్ పాస్‌తో వాకింగ్‌కి వచ్చినవాళ్లు. గుట్ట మీద హిమాలయ జంతువుల భాగంలో మంచు చిరుత మా తల పైనున్న రాతి మీదికి వచ్చి కూర్చుంది. మా మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని "మామయ్యా, కదలకు" అన్నాడు. చాలాసేపు అక్కడ మేం ముగ్గురమే. ఏ ప్యాకేజీ టూరూ ఇక్కడికి తీసుకురాదు. ఒక్క జాగ్రత్త: మేం వెళ్లినప్పుడు ఏనుగుల ఇల్లు ఇంకా మరమ్మతులోనే ఉంది. ఏనుగుల కోసమే వెళ్లేవాళ్లు ముందు వాళ్ల సైట్ చూసుకోండి.

బెర్లిన్‌లో బస యూ5 దారిలో ఒక చిన్న కుటుంబం నడిపే లాడ్జి, అక్కడ పెన్షన్ అంటారు. ముగ్గురికీ అల్పాహారంతో రాత్రికి 104 యూరోలు. వంక పెట్టడానికేమీ లేదు. సిటీలో ఒకసారి ప్రయాణానికి టిక్కెట్ 2025లో 3.80 యూరోలు ఉండేది. ప్లాట్‌ఫాం మీదున్న చిన్న మెషిన్‌లో దాన్ని ముద్ర వేయించడం మరవకండి, లేకపోతే 60 యూరోల జరిమానా.

ఇక లైప్‌జిగ్.

ఇంటి ప్రకటనలో మూడు మాటలున్నాయి: జూకి నడిచి వెళ్లొచ్చు, లిఫ్ట్ ఉంది, ఉదయం ఎనిమిది నుంచి సామాను పెట్టుకోవచ్చు. రాత్రికి 118 యూరోలు. ఆ మూడో మాట చూసే బుక్ చేశాం. పొద్దున్నే బెర్లిన్ నుంచి రైలెక్కి, ఎనిమిదిన్నరకి సూట్‌కేసులతో ఆ ఇంటి ముందున్నాం. గోడకి తాళాల డబ్బా ఉంది. దాని కోడ్ మాకు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. మెసేజ్ పెడితే ఇరవై నిమిషాల తర్వాత జవాబు: ముగ్గురి పాస్‌పోర్ట్‌లు ఫొటో తీసి పంపండి. పంపాం. తర్వాత ఇంకో మెసేజ్: క్లీనింగ్ చార్జీ 60 యూరోలు కట్టండి. బుకింగ్‌లో ఆ మాటే లేదు. బుకింగ్ కాగితం ఫొటో పంపితే "అందరూ కడతారు" అని సమాధానం. కట్టాం. ఆ తర్వాత డిపాజిట్ 200 యూరోలు కార్డు మీద హోల్డ్ చేయాలన్నాడు. ఆ లింకు తెరుచుకోదు. స్టేషన్‌కి పోయి లాకర్లో సామాను పడేద్దాం అని అక్క అన్న ప్రతిసారీ "ఇంకో పది నిమిషాల్లో కోడ్ వస్తుంది" అని అతని నుంచి మెసేజ్ వచ్చేది. అక్క సూట్‌కేసు మీద కూర్చుంది. మేనల్లుడు ఫోన్‌లో టైము చూస్తూ ఒక్క మాటా మాట్లాడటం లేదు. వాడు ఆరు నెలలుగా ఎదురుచూసిన జూ ఇది.

పదకొండూ నలభైకి కోడ్ వచ్చింది. నాలుగో అంతస్తు. లిఫ్ట్ లేదు. "పక్క బిల్డింగ్‌లో ఉంది" అని తర్వాత రాశాడు! పక్క బిల్డింగ్ లిఫ్ట్ మాకెందుకు? అక్క ప్రతి అంతస్తులో ఆగి ఆగి ఎక్కింది. పైకెళ్లాక మంచం మీద పడి, మీరిద్దరూ వెళ్లండి, నేను రాను అంది. ఆ మాటకి నాకు కోపం కన్నా ఏడుపు ఎక్కువ వచ్చింది.

జూలోకి మేం అడుగు పెట్టేసరికి ఒంటిగంట కావస్తోంది. గొండ్వానాలాండ్ ఈ జూకే గర్వకారణం. 2011లో తెరిచిన పెద్ద గాజు కప్పు హాలు, 16,500 చదరపు మీటర్లు. లోపల ఉక్కపోసే వర్షారణ్యం, పైన కొమ్మల మధ్య నడిచే వంతెన, కింద నీళ్లలో పడవ. కొమొడో బల్లి, మలేసియా టాపిర్, పిగ్మీ హిప్పో అన్నీ ఉన్నాయి. పెద్ద నీటికుక్కలు చేపల కోసం అరుచుకోవడం చూస్తుంటే మేనల్లుడి ముఖం కొంచెం విచ్చుకుంది. కానీ ఆ వేళకి లోపల జనం భుజాలు రాసుకునేంత ఉన్నారు. పడవకి పెద్ద క్యూ. అక్కడ్నించి పొంగోలాండ్‌కి పరుగెత్తాం. గొరిల్లా, చింపాంజీ, బోనోబో, ఉరాంగుటాన్ నాలుగూ ఒకేచోట ఉండే భాగం. మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు వాటి తెలివితేటల మీద పరిశోధన చేసేది ఇక్కడే. బోనోబోలు చాలావరకు పడుకుని ఉన్నాయి. పులుల దగ్గరికి వెళ్లే టైమే లేదు. లైప్‌జిగ్ జూ గొప్పది, ఈ నాలుగింటిలో ఎన్‌క్లోజర్ల తయారీలో దానిదే మొదటి స్థానం. అదే నా బాధ.

60 యూరోలు తిరిగి అడిగితే ఇంతవరకు జవాబు లేదు. సాక్ష్యంగా మెసేజ్‌లన్నీ దాచి బుకింగ్ సైటుకి ఫిర్యాదు పెట్టాం. మీరు వెళ్తే స్టేషన్‌కి ఎదురుగా, రిసెప్షన్‌లో మనిషి ఉండే హోటల్ తీసుకోండి. నూటయాభై అయినా పర్లేదు. స్టేషన్ నుంచి జూ పావుగంట నడక, 12వ నంబరు ట్రామ్ కూడా ఉంది. ఇంకో సంగతి, జర్మనీలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. పెద్ద స్టేషన్లలోని కొట్లే గతి. శనివారమే కొని పెట్టుకోండి.

డ్రెస్డెన్ మీదుగా ప్రాగ్ వెళ్లే రైల్లో ఎడమ వైపు కూర్చోవాలి. ఎల్బే నది, ఇసుకరాతి కొండలు ఆ వైపే వస్తాయి. అక్క అప్పటికి మళ్లీ మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది.

ప్రాగ్‌లో దిగగానే ఇంకో మోసం. "కమిషన్ సున్నా" అని పెద్ద అక్షరాలతో రాసిన ఒక కౌంటర్‌లో 100 యూరోలు ఇస్తే చేతిలో 1,850 కొరునాలు (చెక్ దేశం డబ్బు) పెట్టారు. ఆ రోజు అసలు రేటు ప్రకారం 2,400 పైనే రావాలి. కానీ ఇక్కడ చట్టం మన వైపు ఉంది. 2019 ఏప్రిల్ నుంచి చెక్ దేశంలో, వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు. రసీదు ఉంటే చాలు. ఈ సంగతి మేనల్లుడు ముందే చదువుకుని వచ్చాడు. కౌంటర్‌లో ఆమె మొదట తలూపింది, కుదరదని. వాడు రసీదు గాజు మీద పెట్టి, ఫోన్‌లో ఆ నిబంధన చూపించి, అక్కడే నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. మా 100 యూరోలు వెనక్కి వచ్చాయి. లైప్‌జిగ్‌లో పోయిన వాడి హుషారు తిరిగొచ్చింది అక్కడే. నిజానికి నగదు మార్చనే అక్కర్లేదు, జూ టిక్కెట్ నుంచి బస్సు దాకా అన్నిచోట్లా కార్డు నడుస్తుంది.

ప్రాగ్ జూ ట్రోయాలో, వల్తావా నది ఒడ్డున, 1931 నుంచి ఉంది. మెట్రో సీ లైన్‌లో నాద్రాజీ హొలెషొవిట్సె దగ్గర దిగి 112వ నంబరు బస్సు. ఇరవై నాలుగు గంటల సిటీ పాస్ 2025లో 120 కొరునాలు ఉండేది. జూ టిక్కెట్ కూడా నాలుగింటిలోకీ ఇక్కడే చవక. బెర్లిన్, లైప్‌జిగ్, వియన్నాలలో పెద్దవాళ్లకి 20 నుంచి 30 యూరోల మధ్య పెట్టుకోవాలి. ఇక్కడంతా ఎక్కుడు దిగుడు. అక్క కోసం చైర్‌లిఫ్ట్ ఎక్కాం. పైన దిగాక ఆమె అన్నది, "లైప్‌జిగ్ వాడికి ఇది చూపించాలి, లిఫ్ట్ అంటే ఇలా ఉంటుందని."

గంగానది ఘరియల్ మొసళ్లని నిలువెత్తు గాజు వెనక నీళ్లలో ఈదుతుంటే చూడటం ఈ యాత్ర మొత్తంలో నాకు మిగిలిన పెద్ద సంతోషం. ఒడ్డున ఎండలో పడుకున్న ఘరియల్‌ని చాలామంది చూసి ఉంటారు. నీటిలో అది ఎంత తేలిగ్గా తిరుగుతుందో, ఆ సన్నటి మూతి పక్కకి ఎలా కొడుతుందో గాజు పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. 2023లో యూరప్‌లోనే మొదటిసారిగా చైనా అలుగు (పాంగోలిన్) పిల్ల పుట్టింది కూడా ఈ జూలోనే. ఇక ప్రెజ్వాల్‌స్కీ గుర్రాలు. 1960ల చివరికి అడవిలో ఒక్కటి కూడా లేకుండా పోయిన జాతి. ప్రపంచంలోని ఈ గుర్రాలన్నిటి వంశావళి పుస్తకం రాసేది ప్రాగ్ జూయే. 2011లో మొదలుపెట్టి సైనిక విమానాల్లో వాటిని మంగోలియాకి తీసుకెళ్లి వదిలారు. 2024లో బెర్లిన్ టియర్‌పార్క్ గుర్రాలతో కలిపి కజకిస్థాన్‌కి కూడా పంపారు. బెర్లిన్, ప్రాగ్ రెండూ చూసినవాళ్లకి ఆ లంకె ఇట్టే తెలుస్తుంది. జూలు ఎందుకని అడిగేవాళ్లని నేను ఆ గుర్రాల దగ్గరికి తీసుకెళ్తాను. 2002 ఆగస్టు వరదలో కొట్టుకుపోయి జర్మనీ దాకా ఈదిన సీల్ జాతి జంతువు గాస్టన్ విగ్రహం కూడా చూడండి. తిరిగి తెస్తుండగా దారిలో చనిపోయింది. ఏనుగుల్ని ఆ తర్వాత ఎత్తు మీదికి మార్చారు.

శాకాహారం తినే అక్కకి ప్రాగ్‌లో తిండి ఎలాగా అని బెంగపడ్డాం. మందపాటి చీజ్ ముక్కకి బ్రెడ్ పొడి అద్ది నూనెలో వేయించి, ఉడికిన బంగాళాదుంపలతో ఇస్తారు, స్మజెనీ సీర్ అంటారు. మామూలు హోటల్లోనే దొరుకుతుంది. 195 కొరునాలు. అక్క ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ అదే అడిగింది. సూప్‌లు మాత్రం ఎముకల రసంతో చేస్తారేమో అడిగి తీసుకోండి.

వియన్నాకి రైల్లో నాలుగు గంటలు. షోన్‌బ్రున్ 1752 నుంచి ఆగకుండా నడుస్తున్న, ప్రపంచంలోకెల్లా పాత జూ. మధ్యలో చక్రవర్తి కూర్చున్న మంటపం, ఇప్పుడది రెస్టారెంట్. ప్యాలెస్ తోటలోనే ఉంది కాబట్టి అక్కకీ మేనల్లుడికీ ఒకే రోజు కుదిరింది. పదకొండు దాటితే జనంతో నిండిపోతుంది. యూ4లో హీట్జింగ్‌లో దిగి, ఆ గేటు నుంచే తొమ్మిదికి లోపలికి వెళ్లండి. ప్యాలెస్ టిక్కెట్ మాత్రం సాయంత్రం స్లాటుకి తీసుకోండి. అందరూ దీనికి తలకిందులుగా చేస్తారు, అందుకే వాళ్లకి రెండు చోట్లా క్యూలు. అక్క బంగారు గదుల్లో తిరుగుతూ ఉంటే మేం ఇంకో రెండు గంటలు ఏనుగుల దగ్గరే ఉన్నాం.