ధోకార్ డాల్నా: ఏళ్ల తరబడి వండుతున్నాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, పదికి ఎనిమిది మార్కులు. తగ్గిన రెండూ పట్టే టైముకీ, తాగే నూనెకీ. రుచిలో కోయడానికేమీ లేదు.

బెంగాలీ వంటంటే చేపలే అనుకునేవాళ్లకి ఈ కూర పెట్టి చూడండి. పచ్చిశనగపప్పు నానబెట్టి రుబ్బి, ఆ ముద్దని బాణలిలో దగ్గరపడేదాకా వేయించి, పళ్లెంలో పరిచి, ముక్కలు కోసి, ఆ ముక్కల్ని మళ్లీ నూనెలో వేయించి, అప్పుడు గ్రేవీలో వేస్తారు. చదువుతుంటేనే ఆయాసం వస్తోంది కదా! కోల్‌కతాలో ఉన్న రోజుల్లో పక్కింటి మాషీమా (అంటే పిన్నిగారు) వండుతుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాను, హైదరాబాద్ వచ్చాక కూడా వదల్లేదు. ఇందులో ఉల్లి, వెల్లుల్లి రెండూ వేయరు కాబట్టి మా ఇంట్లో కార్తీకమాసం వచ్చిందంటే దీనికి గిరాకీ.

ఈ నిరామిష్, అంటే బెంగాలీ శాకాహార వంటలకి ఇంత పనితనం ఎక్కడిదంటే, దాని వెనక కథ అంత బాగుండదు. ఒకప్పుడు బెంగాల్లో అగ్రవర్ణ కుటుంబాల్లో భర్త పోయిన ఆడవాళ్లకి చేపా మాంసమే కాదు, ఉల్లి, వెల్లుల్లి, ఆఖరికి మైసూరుపప్పు కూడా నిషేధమే. మిగిలిన శనగపప్పు, అల్లం, జీలకర్ర, ఇంగువలతోనే వాళ్లు ఇన్ని రకాలు వండారు.

సరే, వంటలోకి వద్దాం. కప్పు పప్పు రాత్రే నానబోయాలి. రుబ్బేముందు నీళ్లు పూర్తిగా వంచేసి, మిక్సీ తిరగనని మొరాయిస్తే తప్ప చెంచాడు నీళ్లు కూడా పోయొద్దు. మసాలా వడల పిండి కంటే మెత్తగా ఉండాలి గానీ వెన్నలా కాకూడదు, కాస్త బరక తగలాలి.

తర్వాతిదే అసలు పరీక్ష. ఆవనూనె మూడు చెంచాలు పోసి, పొగ లేచి రంగు తేలికపడేదాకా కాచి, మంట తగ్గించి ఇంగువ, జీలకర్ర, అల్లం పచ్చిమిర్చి ముద్ద వేసి, దాని మీద రుబ్బిన పప్పు, పసుపు, ఉప్పు, అర చెంచా పంచదార. మొదట జారుగా ఉండి అడుగు పట్టేస్తుంటుంది, గోకుతూనే ఉండాలి. కాసేపటికి గడ్డలు కడుతుంది, ఆ తర్వాత గరిటె తిప్పలేక చెయ్యి పీకుతుంది. అక్కడే చాలామంది చాలనుకుని స్టవ్ కట్టేస్తారు, కానీ ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టాలి. ముద్ద అంచులు వదిలేసి ఒక్కచోటికి చేరాలి, పచ్చివాసన పోవాలి, కొద్దిగా తీసి ఉండ చేస్తే వేళ్లకి అంటకూడదు. తొందరపడి దించితే ముక్కలు నూనెలో విడిపోతాయి. మరీ ఎండనిస్తే పరిచేటప్పుడే పగుళ్లొచ్చి, తినేటప్పుడు గొంతులో అడ్డం పడతాయి. వేడి మీదే నెయ్యి రాసిన పళ్లెంలో అరంగుళం మందాన అదిమి, చల్లారాక డైమండ్ ముక్కలు కోసుకోవడమే.

ఇంత బాధ ఎందుకని ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి కోసేవాళ్లూ ఉన్నారు. నేనూ అలా చేసి చూశాను. నూనె తగ్గుతుంది, ముక్క కూడా విరగదు, కానీ మన పాటోళీ పప్పు గుర్తొస్తుంది తప్ప ఇంగువ నూనెలో వేగిన పప్పు రుచి రాదు. కోల్‌కతా కొట్లలో రెడీమేడ్ పిండి ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. హడావిడిగా ఉన్న రోజు పనికొస్తాయి, అంతకుమించి పొగడలేను.

గ్రేవీకి పెద్ద తతంగం లేదు. ఆలుగడ్డ ముక్కలు వేయించి తీసి, అదే ఆవనూనెలో బిర్యానీ ఆకు, ఎండుమిర్చి, జీలకర్ర, ఇంగువ వేసి, ఒక టమాటా, అల్లం ముద్ద, జీలకర్ర ధనియాల పొడులు, పసుపు, కారం నూనె తేలేదాకా వేయించి నీళ్లు పోయాలి. నీళ్లు ధారాళంగా పోయండి. ఆలుగడ్డ ఉడికాక, దించే ముందు మాత్రమే ధోకా ముక్కలు (వేయించి పెట్టుకున్న ఆ పప్పు ముక్కలే) వేసి రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు. ముందే వేసి కుతకుత ఉడికిస్తే పప్పుచారే మిగులుతుంది. చివర్లో చెంచా నెయ్యి, దాల్చిన చెక్క, లవంగం, యాలకులు దంచిన పొడి. అంతే, ధనియాలూ మిరియాలూ కలిసిన మన గరం మసాలా వేయకండి, వాసన మారిపోతుంది.

పంచదార గురించి మనవాళ్లు ముఖం చిట్లిస్తారు. కూర తియ్యగా అవ్వదండీ, అల్లం ఘాటు కాస్త సర్దుకుంటుంది, మానేస్తే ఏదో వెలితిగా ఉంటుంది. ఆవనూనె మాత్రం మార్చొద్దు. ముక్కలు వేయించడానికి కావాలంటే సన్‌ఫ్లవర్ వాడుకోండి, గ్రేవీకి వద్దు. ఆ ఘాటు అస్సలు పడనివాళ్లు ఈ కూర జోలికి పోకపోవడమే మేలు. పప్పు తింటే గ్యాస్ పట్టేవాళ్లు కూడా రాత్రి భోజనంలో పెట్టుకోవద్దు.

వారం మధ్యలో ఆఫీసుకెళ్తూ వండే కూర కాదిది. నేనైతే ఆదివారం రెండు కప్పుల పప్పుతో చేసి, వేయించిన ముక్కల్లో సగం డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లో పడేస్తాను. అలా ఉంటే గ్రేవీకి అరగంట చాలు. అన్నంలోకి బావుంటుంది, లూచీలోకి (మైదా పూరీ) ఇంకా బావుంటుంది, చపాతీలోకి సోసో.

ఒక్క చిక్కేంటంటే, మిగిలిన కూరలో ముక్కలు రాత్రికి రాత్రే గ్రేవీ అంతా తాగేస్తాయి. మర్నాడు వేడినీళ్లు పోసి, ఉప్పు సరిచూసి వేడి చేసుకోవచ్చు. నేను ఆ పని కూడా పెట్టుకోను, ఆ ముక్కలు అలాగే పెరుగన్నంలో నంజుకుంటాను, బెంగాలీ వాళ్లు చూస్తే ముక్కున వేలేసుకుంటారేమో గానీ.